రాజ్యం వదిన దండం పెట్టని పదిహేడు రోజులు

ఇదివరకు పొద్దున అయిదు కొట్టిందంటే సుమిత్ర చెయ్యి పొయ్యి మీదికి పోయేది. ఒక పొయ్యి మీద చాయ్, రెండో దాని మీద అన్నం. ఆరున్నరకల్లా మూడు గిన్నెల టిఫిన్ డబ్బా కట్టి, గుడ్డ సంచిలో పెట్టి, సదాశివ స్కూటర్‌కు తగిలించేది. ఆయన రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఇరవై తొమ్మిదేండ్లు ఆ డబ్బా ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

ఇప్పుడు అయిదు కొడితే అదే చెయ్యి ఫ్రిజ్ తలుపు మీదికి పోతున్నది. తడిగుడ్డలో చుట్టిపెట్టిన చామంతులు తీసి, చాప మీద కూర్చుని, సూదీ దారంతో మూరెడు దండ గుచ్చుతుంది. గోడ మీద సదాశివ పటానికి నిన్నటి దండ తీసి, అద్దం తుడిచి, కొత్తది వేసి, రెండు అగరుబత్తీలు వెలిగించి, పొగ మొఖం మీదికి రాకముందే ఫోన్‌తో ఫోటో తీస్తుంది. ఆ ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. ఎవరు వస్తారా అని.

తొమ్మిది నెలలైంది ఇట్లా. సర్వీసు ఇంకా రెండేండ్లు ఉందనగా ఒక సోమవారం డ్యూటీలోనే సదాశివకు గుండె పట్టుకున్నది. డబ్బా మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చింది. లోపల పప్పు ఇంకా వెచ్చగానే ఉన్నది. ఆ సంగతి సుమిత్ర ఎవరికీ చెప్పలేదు. డబ్బా కడిగి అటక మీద పెట్టింది, మళ్లీ దించలేదు.

ఆమెది ఆలేరు దగ్గర ఊరు. చదివింది ఆరో తరగతి. పంతొమ్మిదో ఏట మౌలాలి రైల్వే క్వార్టర్స్‌కు కాపురానికి వచ్చింది. పిల్లలు కలగలేదు. తర్వాత గుట్ట కింద రెండు గదుల సొంత ఇల్లు కట్టుకున్నారు. మాట తక్కువ మనిషి. ఏడుపు కూడా తక్కువే. పదకొండు దినాలూ వచ్చినవాళ్లు ఆమెను పట్టుకుని ఏడ్చిపోయారు గానీ ఆమె గొంతు ఎవరూ వినలేదు. "గుండె రాయి చేసుకున్నది" అన్నారు కొందరు. "అసలు ఉన్నదా గుండె" అన్నారు ఇంకొందరు, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ.

తోడుకని చెల్లెలి బిడ్డ నవత వచ్చి ఉంటున్నది. ఫోన్‌లో ఫోటో పెట్టడం నేర్పింది ఆ పిల్లే. "పెద్దనాయన దోస్తులు చూస్తరు పెద్దమ్మా, నీకు జెర మంచిగనిపిస్తది" అన్నది. మొదటి రోజు నలభై మంది చూశారు. మూడు నెలలు తిరిగేసరికి ముక్కూమొఖం తెలియనివాళ్లు కూడా వచ్చి చేతులు జోడించి పోవడం మొదలుపెట్టారు. వాళ్లను ఫాలోవర్లు అంటారని నవత చెప్పింది.

సుమిత్రకు ఆ పేర్లన్నీ పట్టలేదు. ఆమెకు అది పలకరింపు. చావు జరిగిన ఇంటికి మనిషన్నవాడు వచ్చి పలకరించి పోవాలె. రాకపోతే ఆ ఇంటితో మాట తెగినట్టే. అందుకని ఫోన్‌లో దండం బొమ్మ పెట్టినవాళ్లు వాకిట్లోకి వచ్చినవాళ్లు. పెట్టనివాళ్లు గేటు ముందునుంచి మొఖం తిప్పుకుని పోయినవాళ్లు. ఈ లెక్క ఆమెకు ఎవరూ నేర్పలేదు, తనకు తానే పెట్టుకున్నది.

ఆ దండాల్లో అన్నిటికంటే ముందొచ్చేది రాజ్యం దండం. అయిదూ నలభైకి టింగుమనేది.

రాజ్యం వాళ్లది తాడేపల్లిగూడెం వైపు. ఆమె భర్త నరసరాజు కూడా అదే వర్క్‌షాప్‌లో చేసి రిటైరయ్యాడు. క్వార్టర్స్‌లో ఇద్దరి పెరళ్లకూ ఒకటే గోడ. ఆ గోడలో ఒక ఇటుక ఊడిపోతే ఎవరూ మళ్లీ పెట్టలేదు. ఆ సందులోంచి ఇటువైపు నుంచి సర్వపిండి పోయేది, అటువైపు నుంచి పులిహోర వచ్చేది. "మీ కూరలో కారం తగ్గిస్తే మీ గవర్నమెంటు పడిపోతుందా సుమిత్రా?" అని రాజ్యం, "మీ చారుల చక్కెర ఎవరు పోసిన్రు వదినా?" అని సుమిత్ర. ఒకరి మొఖం ఒకరికి కనబడేది కాదు. చేతులూ గిన్నెలూ మాత్రమే కనబడేవి. సుమిత్ర నోరు తెరిచి మాట్లాడిందంటే ఆ ఇటుక సందు దగ్గరే. తర్వాత రాజ్యం వాళ్లు సైనిక్‌పురిలో ఫ్లాట్ కొనుక్కుని వెళ్లిపోయారు. అయినా సదాశివ పోయినప్పుడు పదకొండు దినాలూ వంటింట్లో నిలబడింది రాజ్యమే.

అట్లాంటి రాజ్యం దండం రాక పదిహేడు రోజులైంది.

మొదటి రోజు నెట్ లేదేమో అనుకున్నది సుమిత్ర. మూడో రోజు ఊరికి పోయిందేమో అనుకున్నది. పదో రోజు నుంచి పొద్దున దండ గుచ్చుతుంటే సూది వేలికి గుచ్చుకోవడం మొదలైంది. ఫోన్ చేసి అడగొచ్చు. ఏమని అడుగుతుంది? మా ఆయనకు దండం ఎందుకు పెడతలేవు అనా?

మంగళవారం సాయంత్రం నవత ఆఫీసు నుంచి రాగానే అడిగింది.

"నవతా, జెర చూడు. రాజ్యం వదిన ఫోన్ ఖరాబైందా ఏంది?"

నవత ఫోన్ తీసుకుని కిందికీ పైకీ జరిపింది. "లేదు పెద్దమ్మా. ఆంటీ మంచిగనే ఉన్నది. మొన్న ఎవరిదో మనవరాలి బర్త్‌డేకు లైక్ సుత కొట్టింది."

"మరి మీ పెద్దనాయనకు?"

"ఫాలో తీసేసిందేమో."

"అంటే?"

"అంటే నీ ఫ్రెండ్స్‌ల ఉంటది. గిదిగో, ఇంకా ఫ్రెండ్ అనే ఉంది చూడు. కానీ నువ్వు పెట్టేటివి ఆమెకు కనబడవు. ఫ్రెండ్ వేరే, ఫాలో వేరే పెద్దమ్మా."

"వేరే ఎట్లైతది? మీ ఇంటికి వస్తగానీ మీ మొఖం చూడ, అన్నట్టా?"

"అట్ల కాదు. నేను సుత మా ఆఫీసుల సగం మందికి తీసేసిన. లంచ్ కలిసే తింటం. వాళ్ల టూర్ ఫోటోలు రోజూ ఎవరు చూస్తరు చెప్పు?"

"మీ పెద్దనాయన టూర్‌కు పోయిండా?"

"తీసేసిందో లేదో నాకు సుత పక్కా తెల్వదు. ఊకె అన్న" అంటూ నవత చాయ్ పెట్టడానికి లేచింది. కానీ సుమిత్ర చెవిలో పడాల్సింది పడిపోయింది.

మరునాడు పొద్దున దండ వేసింది. ఫోటో తీసింది. ఈసారి ఫోటో ఒక్కటే పెట్టలేదు. మైకు గుర్తు నొక్కి మాట్లాడితే ఫోన్ తనే రాసుకుంటుందని నవత ఎప్పుడో చూపించింది. నవత స్నానానికి పోయేదాకా ఆగి, వంటింట్లో తలుపు దగ్గరకేసి, ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని చెప్పింది.

"కొంతమందికి మా ఆయన మొఖం చూడబుద్ధి అయితలేదట. పదకొండు దినాలు వచ్చి ఏడ్సింది అంతా ఉత్తదేనా. పేరు చెప్ప. వాళ్లకే తెలుసు."

పెట్టేసింది.

నవత ఆఫీసుకు పోయేసరికి వంద మంది వచ్చారు. తొమ్మిది దాటేసరికి రెండు వందలు. "ఎవరక్కా ఆ మనిషి?" అని ఒకామె. "అలాంటివాళ్లను దూరం పెట్టండి మేడమ్" అని కారు బొమ్మ పెట్టుకున్న ఎవరో మనిషి. తొమ్మిది నెలల్లో మొదటిసారి సుమిత్రకు రొమ్ము మీది బరువు జెర జరిగినట్టయింది.

పదింటికి స్వర్ణలత ఫోన్ చేసింది. పాత క్వార్టర్స్ మనిషే. ఎవరింట్లో ఏం ఉడికిందో మూత తీయకుండా చెప్పగలదు.

"ఏం సుమిత్రా, పొద్దుగాలనే బాంబు పెట్టినవ్! ఎవల గురించి, రాజ్యమేనా?"

సుమిత్ర ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నది.

"నేను గదే అనుకున్న. కానీ గిప్పుడే ఎందుకు పెట్టినవే? నరసరాజన్నకు రేపు ఆపరేషన్ కదా, పాపం."

"ఏం ఆపరేషన్?"

"అయ్యో, నీకు తెల్వదా? గుండెకే. మూడు చోట్ల బ్లాకులట. మూడు వారాల సంది మంచంలనే ఉన్నడు. ఇయ్యాల నాలుగింటికి అడ్మిట్ అయితరట. నాకు సుత నిన్ననే మా ఆయన చెప్పిండు. నీకు చెప్పలేదా ఆమె?"

సుమిత్ర గోడకు చెయ్యి ఆనించింది.

"వింటున్నవా? నువ్వు పెట్టిన దాన్ని ఫోటో తీసి ఆమెకు పంపిన, ఇది నీ గురించేనా అని."

"పంపినవా?"

"పంపితి గద. చూడలే ఇంకా. రెండు టిక్కులు పడ్డయ్, నీలం కాలే."

"తీసెయ్ స్వర్ణా. తీసెయ్."

"ఎట్ల తీస్తరు? నాకు పంపుడే వచ్చు."

సుమిత్ర తన ఫోన్‌లో తను పెట్టినదాన్ని తీసేయాలని చూసింది. ఎక్కడ నొక్కాలో తెలియదు. పెట్టడం నేర్చుకున్నది గానీ తీయడం నేర్చుకోలేదు. ఒకచోట నొక్కితే సదాశివ మొఖం తెరంతా పెద్దదై నిలబడింది. ఇంకోచోట నొక్కితే ఇంకెవరికైనా పంపాలా అని అడిగింది. భయపడి వదిలేసింది. నవతకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ ఆఫీసులో ఫోన్లు లాకర్‌లో పెట్టుకుంటారు. అంతలో ఇంకో పన్నెండు మంది వచ్చారు. "బాగా చెప్పారు" అని ఎవరో రాశారు.

చీర మార్చలేదు. తలుపుకు తాళం వేసి మౌలాలి కమాను దగ్గరికి దాదాపు ఉరికింది. ఆటో ఎక్కి సైనిక్‌పురి అన్నది.

ఈసీఐఎల్ చౌరస్తాలో ఆటో ఆగిపోయింది. ముందు ఒక బస్సు అడ్డంగా నిలబడింది. ఆటో అతను ఇంజన్ బంద్ చేసి, "పది నిమిషాలమ్మా, ఏం చేస్తం" అన్నాడు. ఆ పది నిమిషాల్లో సుమిత్రకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆయన పోయి ఏడాది తిరగలేదు. ఆచారం ప్రకారం చెల్లెలింట్లో ఒక రాత్రి నిద్ర చేసి వచ్చింది కాబట్టి ఇంకొకరి గడప తొక్కొచ్చు, నిజమే. కానీ గుండె ఆపరేషన్‌కు బయలుదేరుతున్న ఇంటికి, గుండెతోనే మొగుడు పోయిన మనిషి ఎదురు పోవచ్చునా? పోకుండా ఉంటే తను పెట్టిన ఆ రాత అక్కడ ఉంటుంది. పోతే తను అక్కడ ఉంటుంది. ఏది ఎక్కువ చెరుపో తేల్చుకోలేకపోయింది. దిగిపోదామని ఒక కాలు బయట పెట్టింది కూడా. అంతలో బస్సు కదిలింది.

ఫ్లాట్ కింద లిఫ్ట్ ముందు నిలబడి స్వర్ణలతకు ఫోన్ చేసింది.

"నీలం అయినయా?"

"అయినయ్ సుమిత్రా. ఇప్పుడే. జవాబేం ఇయ్యలే."

లిఫ్ట్ తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కక మూసుకున్నది. సుమిత్ర మెట్లెక్కింది. రెండో అంతస్తు. బెల్లు మీద వేలు పెట్టేలోపే తలుపు తెరుచుకున్నది. రాజ్యం. కళ్లజోడు తల మీదికి ఎక్కి ఉన్నది, చేతిలో ఫోన్ ఉన్నది.

"రా. అలా గుమ్మంలో నిలబడ్డావేం? చెప్పులు అక్కడ విప్పు."

ఆ గొంతులో వేడి లేదు. అదే భయంగా ఉన్నది.

"వదినా, నేను—"

"చూశాను. స్వర్ణలత పంపింది. మాటలు బాగా కుదిరాయి. ఎవరు రాసిపెట్టారు?"

"నేనే. మైకుల చెప్పిన."

"అనుకున్నాను. 'ఉత్తదేనా' అన్నచోట నీ గొంతు వినబడింది." రాజ్యం ఆమె మణికట్టు పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయి గొంతు తగ్గించింది. "నన్నొక్క మాట అడగడానికి నోరు రాలేదు గానీ ఊరందరికీ చెప్పడానికి వచ్చిందా? ముప్పై ఏళ్లలో నువ్వు ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడ్డం నేను వినలేదు. ఇన్నాళ్లకు నోరు తెరిచి, అదీ నా మీదేనా సుమిత్రా?"

"అన్నకు బాగలేదని నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పను? సదాశివ అన్నయ్యకు వచ్చిందే ఈయనకూ వచ్చింది, అన్నయ్యకు టైము దొరకలేదు, ఈయనకు దొరికింది అని చెప్పనా? నీ దగ్గరికొచ్చి ఆ మాట అనడానికి నాకు సిగ్గేసింది." స్టవ్ మీద గంజి పొంగబోతుంటే తగ్గించింది. "పొద్దున్నే నా ఫోన్ చూసేది ఆయనే. నాకు కళ్లజోడు దొరికేలోపే చూసేస్తారు. తెరవగానే అన్నయ్య, దండ, అగరొత్తులు. ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పిన మర్నాడు ఆ ఫోటో చూసి, ఫోన్ బోర్లాపెట్టి, 'నాది ఏ ఫోటో పెడతావు రాజ్యం' అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు చూడలేక తీసేశాను. పక్కింటి పిల్లని అడిగితే ఎక్కడ నొక్కాలో చూపించింది. ఫ్రెండ్ అలాగే ఉంటుంది కదా అని రెండుసార్లు అడిగి మరీ నొక్కాను."

"ఒక్క మాట చెప్పి తీసేస్తే—"

"చావింటికి వచ్చినవాళ్లు పోయేటప్పుడు వెళ్లొస్తానని చెప్తారా? నాకు నేర్పింది నువ్వే. మీ అత్తగారు పోయినప్పుడు గడప దగ్గర తెలియక 'వెళ్లొస్తా' అన్నానని నా నోటి మీద చెయ్యి పెట్టి బయటికి నెట్టావు. మళ్లీ అలాంటి పనికే రావాల్సొస్తుందని. మర్చిపోయావా?"

సుమిత్ర మర్చిపోలేదు. ఆ నోటి తడి ఇంకా అరచేతికి తెలుస్తున్నట్టే ఉన్నది. ఏదో అనబోయింది. అంతలో లోపలి గదిలోంచి పిలుపొచ్చింది.

"ఎవరదీ? సుమిత్ర గొంతులా ఉందే. చెల్లెమ్మా!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సుమిత్ర తల అడ్డంగా ఊపింది. రాజ్యం ఆమె వీపు మీద చెయ్యి వేసి ముందుకు నెట్టింది.

నరసరాజు దిండ్లకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం మాసింది, మెడ సన్నబడింది. మంచం పక్కన ఆసుపత్రికి తీసుకుపోయే బ్యాగు జిప్పు వేసి ఉన్నది.

"రా చెల్లెమ్మా. ఏమిటి, మా సదాశివ రావడం మానేశాడు? పదిహేను రోజులై ఫోన్‌లో కనబడ్డం లేదు. నామీద అలిగాడా?"

రాజ్యం చేతిలో మంచినీళ్ల గ్లాసు ఆగిపోయింది. సుమిత్రకు నిజం నాలుక చివరనే ఉన్నది. అది చెబితే, ఈ మనిషి భయపడుతున్నాడని భార్య కనిపెట్టిన సంగతి బయటపడుతుంది. రేపు పొద్దున కత్తి కిందికి పోయే మనిషికి అది తెలియాలా?

"నేనే బంద్ చేసిన అన్నా" అన్నది. "పూలు మంచిగ దొరుకుతలేవు. బోయిన్‌పల్లి నుంచి వస్తలేవట."

నరసరాజు ఆమె వైపు అట్లాగే చూశాడు. "బోయిన్‌పల్లి నుంచి పూలెప్పుడొచ్చాయి చెల్లెమ్మా? అది కూరగాయల మార్కెట్టు. మా సదాశివకు కాకరకాయల దండ వేస్తున్నావా?"

రాజ్యం ముక్కులోంచి నవ్వు తన్నుకొచ్చింది, గ్లాసులో నీళ్లు తొణికాయి. నరసరాజు నవ్వి, రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఆగాడు. సుమిత్ర చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల వైపు చూసి మాట్లాడింది.

"మీరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు పెడ్త అన్నా. అప్పటిదాంక దండ గుచ్చ, ఫోటో పెట్ట. వచ్చినంక మీరే చూసి చెప్పాలె, మంచిగున్నదా లేదా అని."

"నేను రాకపోతే?"

"ఆయనకు దండ లేదు."

"ఇదెక్కడి దౌర్జన్యం? చచ్చినవాడికి దండ కావాలంటే నేను బతకాలా?"

"బతకాలె" అన్నది సుమిత్ర.

నరసరాజు కిటికీ వైపు తిరిగాడు. కాసేపటికి "గంజి తెస్తావా రాజ్యం" అన్నాడు.

మళ్లీ వంటింట్లోకి వచ్చాక సుమిత్ర తన ఫోన్ రాజ్యం చేతికిచ్చింది. "తీయరాదు వదినా నాకు. ఎక్కడ నొక్కాలె?"

రాజ్యం కళ్లజోడు కిందికి దించుకుని, తన మీద రాసినదాన్ని పైనుంచి కిందిదాకా ఇంకోసారి చదివింది. కింద ఎవరెవరు ఏమన్నారో అదీ చదివింది. "ఈ కారు బొమ్మ వాడెవడు? నన్ను దూరం పెట్టమంటున్నాడు?"

"నాకేం తెలుసు. ఫాలోవరట."

"ఫాలోవరు!" అని మూడు చుక్కల గుర్తు నొక్కి, ఇంకేదో నొక్కి, ఫోన్ తిరిగిచ్చింది. "పీకేశాను. కోపం మాత్రం పోలేదు నాకు. ఈ ఆపరేషన్ గండం గడవనీ, తీరిగ్గా తిడతాను."

"తిట్టు" అన్నది సుమిత్ర. గడప దగ్గర చెప్పులు వేసుకుని, వెనక్కి తిరిగి, వినబడేటట్టు "పోయొస్త వదినా" అన్నది.

"రేపు ఏడింటికల్లా ఆసుపత్రికి రా. లోపలికి తీసుకెళ్లాక ఒక్కదాన్నీ కూర్చోలేను."

సాయంత్రం నవతకు అంతా చెప్పింది. నవత నెత్తి కొట్టుకున్నది. "ఊకె అంటినే నేను! సర్లే, రేపు ఆంటీ ఫోన్‌ల మళ్ల ఫాలో నొక్కమని చెప్పనా?"

"వద్దు. ఫ్రెండ్ అని ఉన్నది కద."

పొద్దున అయిదు కొట్టింది. సుమిత్ర లేచి ఫ్రిజ్ తలుపు తీసింది. తడిగుడ్డ మూట ముందర్నే ఉన్నది. దాన్ని పక్కకు జరిపి పెరుగు గిన్నె తీసుకున్నది. కుర్చీ వేసుకుని అటక మీది నుంచి మూడు గిన్నెల డబ్బా దించి, చింతపండుతో తోమింది. ఒక దాంట్లో అన్నం, ఒక దాంట్లో పప్పు, ఒక దాంట్లో పెరుగు. పప్పులో కారం సగమే వేసింది.

నవత కళ్లు నులుముకుంటూ వచ్చింది. "పెద్దమ్మా, నీ ఫోన్ ఒకటే మోగుతుంది. ఈరోజు ఫోటో రాలేదేందని అడుగుతున్నరు. నువ్వు పో, నేను దండ గుచ్చి వేస్త. అయిదు నిమిషాల పని."

"ముట్టకు."

"పూలు వాడిపోతయ్ కదా."

"పోనీ."

పటం మీద నిన్నటి దండే ఉన్నది. చామంతుల అంచులు ముడుచుకున్నాయి, ఒక రేక రాలి పటం చట్రం మీద పడి ఉన్నది. సుమిత్ర దాన్ని కూడా తీయలేదు. సూది గోడకున్న క్యాలెండర్‌కే గుచ్చి ఉన్నది. డబ్బా గుడ్డ సంచిలో పెట్టుకుని, ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడిందో లేదో ఒకసారి నొక్కి చూసి, బయలుదేరింది.